ఐదున్నర నుంచి నాలుగున్నరకు

మా పిన్ని ఇరవై రెండేళ్లుగా నరసరావుపేటలో ఒక ఆర్కెస్ట్రా పార్టీలో పాడుతోంది. పెళ్లిళ్లయినా, ఓణీల వేడుకలైనా, తిరునాళ్లలో ప్రభల దగ్గరైనా ఆమెను పిలిచేది ఊపు పాటల కోసమే. పాడుతూ స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతుంది. నాకేమో పదిమందిలో నిలబడాలంటేనే భయం. దస్తూరి బాగుంటుందని పాటల పుస్తకం రాసే పని మాత్రం నాకిచ్చింది.

పోయిన నెల పాత పుస్తకం వానకు తడిస్తే, కొత్త పుస్తకంలోకి ఎక్కించమంది. ప్రతి పాట పక్కనా శ్రుతి అంకె ఉంటుంది. కీబోర్డు వాయించేవాళ్లు అది చూసి శ్రుతి పెట్టుకుంటారు; అంకె తగ్గితే పాట కిందికి దిగుతుంది. పిన్నికి పేరు తెచ్చిన పాట పక్కన ఐదున్నర అని ఉంది. నేను నాలుగున్నర అని రాశాను.

ఆమెను అడక్కుండానే రాశాను. అంతకుముందు ఆదివారం మేడ మీద సాధన చేస్తుంటే, రెండో చరణం పైకి ఎక్కేచోట ఆమె గొంతు చీలింది. మళ్లీ పాడింది. మళ్లీ అక్కడే చీలింది. "దుమ్ము," అంది, నా వైపు చూడకుండా. ఆమెకు నలభై ఏడు. పార్టీ నడిపేది, మేమంతా బాబాయ్ అని పిలిచే పెద్దమనిషి. అతను అప్పటికే చెప్పేశాడు.

"చెల్లెమ్మా, ఈసారి గొంతు జారిందా, ఆ పాట కొత్తగా వచ్చిన పిల్లకిస్తా. నువ్వు లాలిపాటలు పాడుకుందువుగాని."

"నేను ముసల్దాన్నయ్యానని నీకెవరు చెప్పారు? నీ మోకాళ్లా?"

అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక ఆమె అన్నం ముట్టలేదు. నా డైరీలో ఆ రోజు పేజీలో నేను రాసింది, పిన్ని అన్నం ముట్టలేదన్న ఆ ఒక్క ముక్కే.

నాదెండ్లలో ఓణీల వేడుక. మధ్యాహ్నం, భోజనాల వేళ. స్టేజీ పక్కన కుర్చీలో కూర్చున్నాక గానీ నేను చేసిన పని నాకు అర్థం కాలేదు. కీబోర్డు అతను ఈ మధ్యే చేరాడు, పుస్తకంలో ఏముంటే అదే పెడతాడు. పిన్ని ఈ పాటకు పుస్తకం వంక కూడా చూడదు. అలవాటు కొద్దీ పాత శ్రుతిలోనే ఎత్తుకుంటే? వాయిద్యం ఒక దారిన, గొంతు ఒక దారిన పోతాయి. అప్పుడు ఆ పాట ఆమె చేయి జారేది నా వల్లే.

లేచి నాలుగడుగులు వేస్తే చెప్పేయొచ్చు. కానీ వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నన్నే చూస్తారు. "పిన్నీ" అన్నాను. నాకే వినపడలేదు.

కీబోర్డు మొదలైంది. పిన్ని మైకు ఎత్తి, నోరు తెరిచి, ఆగింది. ఎత్తుకోవాల్సిన చోటు దాటిపోయింది. కీబోర్డు అతను కంగారుగా మొదటి నుంచి వాయించాడు. బాబాయ్ ముఖం మాడిపోయింది. పిన్ని తల తిప్పి నా వైపు చూసింది. అంతమందిలో నన్నే.

రెండోసారి అందుకుంది. నాలుగున్నరలో. గొంతు బరువుగా, కిందనుంచి వచ్చింది. ఈసారి పరుగు లేదు. ఒక చెయ్యి నడుం మీద పెట్టి, మడమతో తాళం వేస్తూ నిలబడింది. "ఇయ్యాల ఊపు లేదేందిరా," అన్నారు వెనకనుంచి ఎవరో. రెండో చరణం దగ్గర నేను కళ్లు మూసుకున్నాను. గొంతు చీలలేదు. కళ్లు తెరిచేసరికి వడ్డించే ఆవిడ సాంబారు గరిటె పట్టుకుని అలాగే నిలబడి వింటోంది.

దిగాక బాబాయ్ వచ్చాడు. "పాట నీ దగ్గరే ఉంచుకో చెల్లెమ్మా. కానీ పరిగెత్తలేదేం?"

"నేను పరిగెత్తితే పాటెవరు పాడతారు?"

అతను వెళ్లాక పుస్తకం తెరిచి ఆ అంకె మీద వేలు పెట్టింది.

"ఏమే, నన్నడగొచ్చుగా?"

"భయమేసింది పిన్నీ."

"నాకెయ్యలేదా ఏంది? చానా రోజుల్నించీ ఏస్తానే ఉంది."

కలం తీసి నా చేతికిచ్చింది. కొట్టేయమంటుందనుకున్నాను. పేజీ తిప్పి తర్వాతి పాట చూపించింది.

"దీనికీ తగ్గించి రాయి. ఈసారి కీబోర్డు అబ్బాయికి నువ్వే చెప్పాలి, పైకి వినపడేటట్టు."

కీబోర్డు అబ్బాయి వైపు ఒకసారి చూసి, అంకె రాశాను. పుస్తకం మొత్తంలో వంకరగా ఉన్న అంకె అదొక్కటే.