కూత తెగిందా అని నన్నడిగిండ్రు

సాంచాల మీద పనిచేసే మొగోళ్లకు గుసగుస పెట్టుడు రాదు. వాళ్లు గుసగుసనే అనుకుంటరు గని వాడకట్టంత ఇనవడ్తది. సిరిసిల్లల మా గల్లీ నిండ సాంచాలే. కరెంటుతోని నడిచే మగ్గాలను మేం గట్లనే అంటం. పొద్దందాక ఆ టకటకల నడుమ నిలవడి బట్ట నేసేటోళ్లకు చెవులు మొద్దువారుతయ్. వాళ్ల మాట వాళ్లకు ఇనవడాలంటె మనకది లొల్లి లెక్కుంటది. లగ్గమై అచ్చిన కొత్తల ఎవలో కొట్లాడుకుంటున్నరని నేను తలుపేసుకున్న. మా ఆయన ఒక్కటే నవ్వుడు. "కొట్లాట కాదే, చాయ్ తాగుదమా అని అడుగుతున్నరు" అన్నడు.

నాది బుగ్గారం దిక్కు. మా అవ్వగారింట్ల సాంచా లేదు, పొలం గూడ లేదు. ఒకల పొలంల నాట్లేసి బతికినం. ఈడికి అచ్చినంక బీడీలు చేసుడు నేర్సిన. ఒళ్లె చాట పెట్టుకొని ఆకు సుడుతుంటె చప్పుడే ఉండది. అందుకే నా చెవులు మంచిగున్నయ్. గల్లీల ఎవలేమన్నా నాకు ఇనవడ్తది. ఇనద్దు అనుకున్నదైతె ఇంకింత మంచిగ ఇనవడ్తది.

నా బిడ్డ కబడ్డి ఆడుతది. తొమ్మిదో తరగతి చదువుతది. బడిల పీటీ సారు దానికి ఆట నేర్పిండు. ఆ సారు దగ్గర ఆడపిల్లలవి రెండు టీములున్నయ్. ఒకటి బడిపిల్లలది, ఒకటి పెద్దోళ్లది. పెద్దోళ్లల్ల కాలేజీ అయిపోయినోళ్లు, నౌకరి చేసేటోళ్లు, పిల్లల తల్లులు గూడ ఉన్నరు. పోయిన చలికాలం జగిత్యాలల చిన్నపిల్లల ఆట పెడితె నా బిడ్డ కూతకు పోయి ముగ్గుర్ని ముట్టి సల్లగ తిరిగచ్చింది. గంతే. ఆనాటి నుంచి మా ఇంటి ముందటి చాయ్ హోటల్ల మొగోళ్లకు ఇంకో ముచ్చట లేకుంటైంది. నా బిడ్డను పెద్దోళ్ల టీముల ఎయ్యాలెనా, ఆగాలెనా. ఎలక్షన్లప్పుడు గూడ గంత లొల్లి ఇనలే నేను.

అందరికన్న ముందట మా మరిది. "చిన్నోళ్లల్ల దానికి పోటీ ఎవలున్నరు? కోడిపిల్లల నడుమ కోడిపుంజు లెక్కున్నది. తీసి పెద్దోళ్లల్ల ఎయ్యాలె" అంటడు.

సాంచాల మీద వెంట్రుకలు నెరిసిన ఒక ముసలాయన ఉన్నడు, గల్లీ అందరికి కాక. ఆయనకు ఈ మాట నచ్చది. "దాని కాళ్లు చూసినవారా? పుంటికూర కట్టెల లెక్క సన్నగున్నయ్."

"కాళ్లతోని ఆడుతదా కాకా? ఉపాయంతోని ఆడుతది."

"ఉపాయం మీద నలుగురు పడితె ఉపాయం అప్పడమైతది."

"ఏడాది ఆగితె పదో తరగతి అయిపాయె. ఇగ లగ్గమంటరు" అని నడుమల ఇంకొకడు.

"ఎవలంటరు?"

"ఎవలేంది, వాళ్లమ్మ."

నేను అరుగు మీదికెళ్లి ఒక్కటే మాటన్న. "నేనెప్పుడన్న?"

చాయ్ గిలాసలు అన్ని ఆగినయ్. "అగ్గో, వదినె ఇన్నది!" అన్నడు మరిది. అది గూడ మెల్లగనే అన్న అనుకున్నడు.

నవ్వచ్చింది నాకు గప్పుడు. గని నవ్వు వెనుకనే బుగులు లేసింది. ఎందుకంటె ఈ నోళ్లు ఒకలను 'తయారైండు' అనుడు నేను ఒకసారి ఇన్న. మా ఆయనను అన్నరు.

సాంచాల మీద ఒక పద్ధతుంటది. కొత్తోడు మొదలుసారి పెద్ద పనికి చెయ్యి పెట్టిననాడు, పాతోడొకడు స్విచ్చి మీద చెయ్యి పెట్టి పక్కపొంటే నిలవడాలె. పొద్దంత నిలవడాలె. దారం తెగినా బెల్టు గుంజినా ఆ చెయ్యి కరెంటు బందు పెడుతది. పాతోడు తనకు తాను చెయ్యి తీస్తేనే కొత్తోడు పని నేర్సినట్టు. మా ఆయన బట్ట నేసుడు నుంచి మిషిన్లు బాగుచేసే పనికి ఎక్కిననాడు స్విచ్చి దగ్గర ఎవ్వలు నిలవడలే. "వీనికి నిలవడుడెందుకు, వీడు ఎప్పుడో నేర్సిండు" అని అందరన్నరు. అందరు గట్లనేసరికి స్విచ్చి దగ్గర ఉండాల్సిన కాక చాయ్‌కు పోయిండు. నడిచే బెల్టు మా ఆయన అంగీని గుంజుకున్నది. పానం లేని మనిషిని ఇంటికి తెచ్చినంక ఆ నోళ్లే అన్నయ్, ఇంకొన్ని దినాలు ఆగితె బాగుండు అని.

కాకతోని నేను ఎన్నడు ఒక్క మాటనలే. ఆయన నా బిడ్డ కాళ్లను పుంటికూర కట్టెలు అనంగనే ఎందుకంటున్నడో నాకు ఎరుకైంది.

ఎండకాలం మొదలైంది. ఒకనాడు పొద్దుగాల్ల ఆకు నానవెట్టి కత్తిరిచ్చుకుంట కూసున్న. హోటల్ల మరిది, కాక ఇద్దరే ఉన్నరు. తలకాయలు దగ్గరికి పెట్టుకున్నరు. గుసగుస అన్నట్టు.

"కోరుట్లల పెద్దోళ్ల ఆట పెడుతున్నరట కాకా. సారు దాని పేరు పెద్దోళ్లల్ల ఇచ్చిండు."

"ఎట్లిస్తడు? ఆడికి అచ్చే టీముల ఒకామె ఉన్నది ఎరుకేనా? కాలు దొరికిచ్చుకుంటె ఇడువది. పోయినసారి ఒక పిల్ల రెక్క బొక్క ఇరిగింది."

"మెల్లగ! వదినె ఇంటది."

"మెల్లగనే అంటున్న గద."

"వదినెకు చిన్నోళ్ల ఆటనే అని చెప్దం. ఆడికి పోయినంక చూసుకుందం."

నా చేతుల ఆకు రెండు ముక్కలైంది. కత్తెర ఏడ పెట్టిన్నో తెల్వలే. బొక్క ఇరిగింది అన్న మాట ఒక్కటే చెవుల తిరుగుడు. దాని రెక్కలు నేను నూనె పెట్టి రుద్దినయ్. చేతుల పడితె సన్నగుంటయ్, చిన్న బెండకాయల లెక్క.

నా బిడ్డ బడి నుంచి అచ్చి అన్నం పెట్టుకున్నది. నేను ముందట కూసున్న.

"కోరుట్లల పెద్దోళ్ల ఆట అని నీకు ఎరుకేనా?"

ముద్ద ఆగింది. "ఎరుకే. నీకెవలు చెప్పిండ్రు?"

"మీ చిన్నాయిన గుసగుస పెట్టిండు."

దానికి నవ్వచ్చింది. మల్ల నా మొకం చూసి ఆపుకున్నది. "చెప్తె నువ్వు అన్నం తినవని చెప్పలేనే అమ్మ."

"నీకు బుగులైతలేదా?"

"అయితది. మధ్యగీత దాటేదాక అయితది. కూత మొదలుపెడితె బుగులుకు జాగెక్కడిది? నోరు నిండ కూతనే ఉంటది."

వద్దందామనే కూసున్న. వద్దంటె అది ఆగుతుండె గూడ. గని అది ముద్ద పట్టుకొని నా నోటి దిక్కే చూస్తున్నది. "నేను గూడ అస్త" అన్న. గంతే అన్న.

ఆట ఉన్ననాడు మా గల్లీల సగం సాంచాలు బందున్నయ్. వేములాడ మీదికెళ్లి కోరుట్ల బస్సు. మొగోళ్లు దారి పొడుగుత అదే లొల్లి. డ్రైవర్ గూడ తిరిగి అడిగిండు, "ఇంతకు ఆ పిల్ల ఎవలే?" అని. నా బిడ్డ చున్నీ మొకం మీద కప్పుకున్నది. నేను దాని మోకాలు మీద చెయ్యి పెట్టి కూసున్న. బస్సు ఊగినప్పుడల్ల ఆ మోకాలు చిప్ప నా చేతుల కదిలింది. ఇంత చిన్న చిప్ప మీద గంత మంది ఆశ పెట్టుకున్నరా అనుకున్న.

కోరుట్లల ఒక బడి గ్రౌండుల మట్టి మెత్తగ చేసి సున్నంతోని గీతలు కొట్టిండ్రు. అవతలి టీము దిగంగనే నా కళ్లు ఆ ఒక్కామెనే దేవులాడినయ్. ఎవలు చూపియ్యకున్నా ఎరుకైంది. ఆమె మనికట్టు నా బిడ్డ పిక్కంత ఉన్నది. అట్లని చెడ్డమొకం గాదు. నన్ను చూసి "అక్కా, జర గీ చెవులకమ్మలు పట్టుకో" అని తన కమ్మలు ఇప్పి నా చేతుల పెట్టింది. ఎవల తల్లినో ఆమెకు తెల్వది. వేడివేడి కమ్మలు గుప్పిట్ల పట్టుకొని నేను మధ్యగీత చివరకు, మూలకు కూసున్న.

సారు నా బిడ్డను ముందుగాల్ల దింపలే. బయట కూసోవెట్టిండు. అటు దిక్కు మా మొగోళ్లు ఆగుతలేరు. "పంపు సారూ!" అని మరిది. "పంపకు సారూ!" అని కాక. చుట్టూ ఉన్న కోరుట్లోళ్లు గూడ రెండు పక్షాలైండ్రు. దాన్ని ఎన్నడు చూడనోళ్లు గూడ, "పిల్ల చిన్నగున్నది, ఆగాలె" అని కొందరు, "చిన్నగుంటెనే జారుతది" అని కొందరు. నేనైతె సారు లేవకుంటె బాగుండు, పొద్దు గూకితె బాగుండు అని మొక్కుకున్న.

సగం ఆట అయినంక మా టీముల కూతకు పోయే పెద్దపిల్ల కాలు మెలివడి బయటికచ్చింది. సారు లేసిండు. నా బిడ్డ నన్ను చూడలే. మట్టి ముట్టి కళ్లకద్దుకొని గీత దాటింది.

కబడ్డి కబడ్డి కబడ్డి. దాని గొంతు సన్నగుంటది. అటు పోయింది, ఇటు పోయింది, ఒకామె భుజం ముట్టి తిరిగింది. తిరగంగనే ఆ పెద్దామె మడిమ దొరికిచ్చుకున్నది. మడిమ పోంగనే నడుం మీద ఒకామె, ఈపు మీద ఇంకొకామె. నా బిడ్డ కనవడకుంటైంది. ఒక్క అరిపాదం కనవడ్తున్నది, మట్టి అంటుకొని.

"అయిపోయింది! అయిపోయింది!" అని మా మొగోళ్లు నెత్తిన చేతులు పెట్టుకున్నరు.

అయిపోలే. నాకు ఇనవడ్తున్నది. ఆ మనుషుల కింద నుంచి కబడ్డి కబడ్డి అని. ముందు గట్టిగ, మల్ల తక్కువ, మల్ల బీడీకి కట్టే దారమంత సన్నగ. నేను ఊపిరి బిగవట్టిన. నేను ఊపిరి తీస్తె అది ఇనవడదేమో అనిపిచ్చింది. అది ఆగితె ఆట పోయినట్టు గాదు నాకు, పానం పోయినట్టే. ఎంతసేపో తెల్వది. కింద నుంచి ఒక చెయ్యి పాకిపాకి నా దిక్కే అచ్చింది. కూత ఇంక సన్నగ ఇనవడ్తుంగనే రెండేళ్లు గీత మీద పడ్డయ్. సీటి మోగింది. రెఫరీ మా దిక్కు చెయ్యి లేపిండు.

అవతలోళ్లు "కూత తెగింది, కూత తెగింది" అని మస్తు లొల్లి పెట్టిండ్రు. రెఫరీ ఇనలే. నా బిడ్డ లేసింది గని ఎడమ రెక్క పైకి లేస్తలేదు. సారు బయటికి తెచ్చిండు. ఒక డాక్టరు చూసి, బొక్క మంచిగున్నది, నరం పట్టింది అన్నడు. ఆ పెద్దామె గూడ అచ్చి దాని నెత్తి నిమిరి, "మస్తు మొండిదానివే" అని, నా దగ్గర కమ్మలు తీసుకొని పోయింది. ఆట అయితె మాది పోయింది.

కోరుట్ల బస్టాండుల చాయ్ తాగుకుంట నిలవడ్డం. మల్ల మొదలు. కూత తెగిందని కొందరు, తెగలేదని కొందరు. ఒక్కలకు గూడ ఇనవడలే ఆ కూత. ఆ చెవులతోని ఎట్లినవడ్తది?

సారు నా దగ్గరికచ్చిండు. "అక్కా, నేను అవతలి పక్కకున్న, నాకు ఇనవడలే. జగిత్యాలల పెద్దోళ్ల ఆట ఉన్నది ముందట. కూత నిజంగ నిలిస్తె పిల్లకు దమ్మున్నది, పెద్దోళ్లల్లనే ఆడిస్త. నడుమల తెగితె మాత్రం దమ్ము చాలలే అన్నట్టు. ఈ ఏడు చిన్నోళ్లల్లనే ఉంచుత. నువ్వు గీత దగ్గరనే ఉన్నవు. తెగిందా?"

మొగోళ్లందరు నోళ్లు మూసిండ్రు. చెవుల దగ్గర చేతులు పెట్టుకొని నా దిక్కు ఒంగిండ్రు. అంత చప్పుడు లేకుంట వాళ్లను నేను ఎన్నడు చూడలే.

తెగింది అంటె అయిపాయె. అడిగేటోడు లేడు. నా బిడ్డ ఏడాది నా కళ్ల ముందట ఉంటది, దాని రెక్కలు దానికుంటయ్. మా ఆయనను ఆనాడు ఎవలన్న ఒక్కలు 'ఇంక నేర్వలే' అంటె ఎట్లుండునో అని నేను ఎన్ని తీర్ల ఏడ్సిన్నో నాకే ఎరుక. ఇప్పుడు ఆ మాట నా నోట్లెనే ఉన్నది.

నా బిడ్డ బెంచీ మీద కూసున్నది. ప్లాస్టిక్ కవర్ల ఐసు ముక్కలు రెక్కకు పెట్టుకున్నది. నన్ను చూస్తలేదు, నా చెప్పులు చూస్తున్నది. తెగిందో తెగలేదో దానికి ఎరుకే.

"తెగలే" అన్న.

"ఏమన్నది? ఏమన్నది?" అని కాక.

"ఏమో, ఇనవడలే. వదినె, జర గట్టిగ చెప్పు" అని మరిది.

ఒక్కసారి చెప్పుటానికే పానం పోయినంత పనైంది నాకు. రెండోసారి చెప్పిచ్చిండ్రు. "తెగలే! నా బిడ్డ కూత తెగలే!" అని ఒర్రిన. బస్టాండుల ఉన్నోళ్లందరు తిరిగి చూసిండ్రు. మరిది చాయ్ గిలాస పైకెత్తిండు. కాక పోయి ఒక మూలకు నిలవడ్డడు.

అచ్చేటప్పుడు బస్సుల నా బిడ్డ మంచి రెక్క దిక్కు ఒరిగి నా భుజం మీద నిద్రపోయింది. దాని ఊపిరి ఇనుకుంట కూసున్న. వెనుక సీట్ల మరిది, కాక తలకాయలు దగ్గరికి పెట్టుకున్నరు. జగిత్యాల గ్రౌండు ఇంత మెత్తగుండదట, రాళ్లట. వదినెకు చెప్పకు అనుకుంటున్నరు.