గురుడి పక్కన నాలుగు చిల్లులు

మిల్లులో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ డేగమ్మే. తనిఖీ గదిలో ఇరవై ఆరేళ్లుగా ఒకే లైటుబల్ల ముందు నిలబడి, కింద వెలిగే దీపాల మీదుగా జారిపోయే బట్టలో తప్పులు పట్టడం ఆవిడ పని. ముడిపడిన పోగు, తెగిన పోగు, నూనె మరక, చిల్లు. ఆ బల్ల మీద చిల్లు నల్లగా ఉండదు. అడుగునున్న వెలుగు అందులోంచి పొడుచుకొచ్చి తెల్లటి చుక్కలా మెరుస్తుంది. మెరిసిందో లేదో, డేగమ్మ సుద్దముక్క దాని మీద వాలేది. కోడిపిల్ల మీద డేగ వాలినట్టుందని ఎవరో అన్నారు. ఇంకేముంది, పేరు అతుక్కుపోయింది.

కంటిని నమ్ముకుని బతికేవాళ్లు లోకంలో రకరకాలు. నీళ్ల రంగు చూసి లోతు చెప్పే పడవవాళ్లున్నారు. కాలిన ఇనుము ఎరుపు చూసి సుత్తి ఎప్పుడెత్తాలో చెప్పే కమ్మరులున్నారు. ఏ రేవులో, ఏ కొలిమి దగ్గర కూర్చుని కబుర్లాడినా వాళ్లు పైకి చెప్పని భయం ఒకటుంటుంది. చెయ్యి దెబ్బతింటే నొప్పి పుట్టి తెలుస్తుంది. కన్ను మోసం చేస్తే మాత్రం ముందు ఎదుటివాళ్లకి తెలుస్తుంది, ఆ తరవాతే మనకి.

డేగమ్మకీ అలాగే తెలిసింది. ఆవిడ ముద్ర వేసి పంపిన బట్ట తాను ఒకటి వెనక్కి వచ్చింది. మూడు చిల్లులు. సూపర్‌వైజరు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాడు. తల వంచుకుని, బల్ల అంచు గోకుతూ చెప్పాడు.

"అక్కా, నా చేతిలో ఏం లేదు. వచ్చే సోమవారం నీకు కంటి పరీక్ష అన్నారు."

"పరీక్ష పోతే?"

"మడతల గదిలో ఖాళీ ఉంది."

మడతల గదిలో రోజంతా బట్ట మడిచి కట్టలు కట్టాలి. కళ్లు మూసుకుని కూడా చెయ్యొచ్చు. ఆవిడకి గుచ్చుకున్నది అదే.

టెలిస్కోపు ఇంటికొచ్చింది కూడా ఆ సాయంత్రమే. రెండు నెలల క్రితం కళ్లజోళ్ల దుకాణం పెద్దాయనకి తెప్పించమని చెప్పింది. "ఇరవై ఆరేళ్లుగా రెండడుగుల దూరమే చూశాను బాబాయిగారూ, ఇప్పుడు కాస్త అవతల ఏముందో చూస్తాను" అంది. అప్పుడది సరదా. ఇప్పుడు ఆ పెట్టె చూస్తే ఎవరో ఎకసక్కెం చేస్తున్నట్టుంది. అయినా విప్పింది. మూడు కాళ్ల బల్లని పెరట్లో బట్టలారేసే తీగ కింద నిలబెట్టింది. అటూ ఇటూ ఊగకుండా నడిమధ్య ఇటుక వేలాడగట్టింది. వెలుతురు ఉండగానే గురి చూసే చిన్న గొట్టాన్ని మిల్లు పొగగొట్టం మీద సరిచేసుకుంది. అందులో పొగగొట్టం తలకిందులుగా వేలాడుతోంది.

"మిల్లు తిరగబడింది, రండి చూద్దురుగాని!" అని కేకేసింది మొగుణ్ణి.

ఆయన బేకరీలో పొయ్యి దగ్గర పనివాడు. తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నానికి పిండి ఒంటితో వస్తాడు. కళ్లజోడు సీసా అడుగంత మందం. పరీక్ష మాట ఆవిడ ఇంటికి రాగానే చెప్పేసింది.

"ఎన్నాళ్లకి! మరి పరీక్ష కూడా తిరగబడిందా?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

చీకటి పడుతుండగా పక్కింటి నీళ్లట్యాంకు మీదుగా గురుగ్రహం లేచింది. గురి కుదర్చడానికి పావుగంట పట్టింది. కుదిరిందనుకునేసరికి చూపులోంచి జారిపోయేది. ముందు ఇటుకని తిట్టింది. జారేది గొట్టం కాదు, ఆకాశమే కదులుతోందని తరవాత తెలిసింది. చివరికి దొరికింది: గుండ్రంగా, లేతగా, నడుముకి రెండు సన్నటి చారలతో. ఊపిరి బిగబట్టింది. ఆ వెంటనే, అలవాటు ఊరుకోదు కదా, తప్పు పట్టింది.

పక్కన నాలుగు తెల్లచుక్కలు. ఒకవైపు మూడు, ఒకవైపు ఒకటి. బల్ల మీద మెరిసే చిల్లుల్లాగే.

"కొత్త సరుకుకి చిల్లులా!" అని గొణిగి, మెత్తటి పాత నూలుబట్ట తెచ్చి కంటి దగ్గరి అద్దం తుడిచింది. చుక్కలు పోలేదు. ముందు అద్దమూ తుడిచింది. ఊహూ. తప్పు కనబడ్డాక రాయకుండా నిద్ర పట్టదు ఆవిడకి. మిల్లు నుంచి తెచ్చుకున్న తప్పుల పుస్తకం తీసి, చెయ్యి చాపి దూరంగా పట్టుకుని, తానుకి గీసినట్టు పొడుగ్గా గీత గీసి చుక్కలు పెట్టింది.

మర్నాడు సాయంత్రం చూస్తే అటు రెండు, ఇటు రెండు.

ఇరవై ఆరేళ్లలో ఎన్ని లక్షల చిల్లులు చూసిందో లెక్కలేదు. ఒక్కటీ నడిచి వెళ్లడం చూడలేదు. చిల్లు నడవదు. అయితే ఇది అద్దంలో లేదు. ఇంకెక్కడుంది? పెరట్లో నిలబడి కన్ను నలుపుకుంది, నెమ్మదిగా, దెబ్బ తగిలిన పిల్లని నిమిరినట్టు.

మిల్లులో తప్పు మీద తగువొస్తే ఒక పద్ధతి ఉంది. రెండో కన్ను అంటారు. ఇద్దరు తనిఖీవాళ్లు విడివిడిగా చూసి, మాట్లాడుకోకుండా ఎవరి కాగితం మీద వాళ్లు గుర్తు పెట్టాలి. రెండు కాగితాలూ కలిస్తేనే తప్పు. కలవకపోతే తప్పు బట్టది కాదు, చూసిన కంటిది.

"ఏవండీ, రండి. ఏం కనపడితే అది గీయండి. కంటి దగ్గర తిప్పే ఆ మర ముట్టుకోవద్దు, నేను కుదిర్చింది చెడగొడతారు."

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, గొట్టానికి కన్ను ఆనించి, చాలాసేపు చూశాడు. తరవాత కాగితం మీద పెద్ద సున్న చుట్టాడు.

"ఇదేంటి?"

"పొంగిన బన్ను."

"పక్కన?"

"పక్కనేం లేదే. ఉండాలా?"

ఆవిడ కాగితం మడిచి కొంగున దోపుకుంది. "అక్కర్లేదు" అంది.

అయినా రోజూ గీసింది. బుధవారం మూడే. గురువారం నాలుగూ ఒకేవైపు. శుక్రవారం మళ్లీ మూడూ ఒకటీ. శనివారం మిల్లు నుంచి సరాసరి కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లింది. సరుకులో తప్పు ఉంటే బాగుండునని ఆవిడ కోరుకోవడం బతుకులో అదే మొదటిసారి.

"బాబాయిగారూ, ఈ అద్దం మార్చండి. లోపల ఏదో వదులై కదులుతోంది. ఇదిగో, ఐదు రోజులూ రాసిపెట్టాను."

పెద్దాయన పుస్తకం తీసుకుని ఒక పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. వెనక్కి వెళ్లి మొదటిది మళ్లీ చూశాడు.

"ఏ పుస్తకంలో చూసి గీశావమ్మాయ్?"

"పుస్తకమేంటి? కనపడింది గీశా."

"అన్నీ ఒకే గీత మీద పెట్టావెందుకు?"

"అవి అక్కడే ఉన్నాయి గనక!"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "పిచ్చిపిల్లా, ఇవి చిల్లులు కావు, చందమామలు. గురుడి చుట్టూ తిరుగుతుంటాయి, మనం పక్కనుంచి చూస్తాం గనక ఒకే గీత మీద కనపడతాయి. మనకి ఒక్కటే దిక్కు, ఆయనకి నీ గొట్టంలో కనపడేవే నాలుగు. ఒక్కోసారి ఒకటి ఆయన వెనక దాక్కుంటుంది. నాలుగు వందల ఏళ్ల నాడు వీటిని మొదట కనిపెట్టినాయన కూడా ఇలాగే రోజుకో గీత గీసుకుంటూ పోయాడు."

డేగమ్మ గల్లాబల్ల అంచు పట్టుకుంది. "మరి మా ఆయనకి కనపడలేదే?"

"కళ్లజోడుందా?"

"ఉంది. తీసే చూశారు."

"మర తిప్పాడా?"

"ముట్టుకోవద్దని నేనే..." అని నాలిక కరుచుకుంది.

"నీ కంటికి కుదిర్చిన మర ఆయన కంటికెలా కుదురుతుంది తల్లీ! ఎవరి కన్నుకి వాళ్లు తిప్పుకోవాలి."

ఆ సాయంత్రం ఆయన మర తిప్పాడు. తిప్పి, తిప్పి, ఉన్నట్టుండి ఆగాడు. "ఓసి నీ..." అని ఏదో అనబోతే, "మాట్లాడకూడదు, గీయండి" అని గదిమింది. ఆయన టార్చి వెలుగులో పిండి అంటిన వేళ్లతో చుక్కలు పెట్టాడు. పక్కకి తిరిగి ఆవిడా పెట్టింది. రెండు కాగితాలూ పక్కపక్కన పరిచారు. ఒకటి, మధ్యలో గురుడు, తరవాత మూడు. చుక్కల మధ్య ఎడం కూడా అంతే.

ఆవిడ రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. "నా కన్ను బానే ఉందండీ."

"దూరానికి డేగే" అన్నాడాయన. "దగ్గర సంగతి అడుగు."

"ఏంటి దగ్గర సంగతి?"

"మూడు నెలలుగా సూదిని బారెడు దూరం పెట్టి దారం ఎక్కిస్తున్నావు. బియ్యంలో రాళ్లు నేనే ఏరి పెడుతున్నా, పనికెళ్లేముందు. నీ కంచంలో రాయి వస్తే నువ్వు ఏమనుకుంటావోనని."

ఆవిడకి ఆ మూడు చిల్లులు గుర్తొచ్చాయి. అవి ఉన్నాయి. తను చూడలేదు. బల్లకి జానెడు వెనక్కి జరిగి నిలబడుతున్నానని కూడా ఇప్పుడే తట్టింది.

"మరి చెప్పరేం?"

"కళ్లజోడు పెట్టుకోమని డేగకి ఎవరు చెప్తారు? పీకుతుంది."

చీకట్లో ఆయన భుజం మీద ఒకటి వేసి, అక్కడే చెయ్యి ఉంచేసింది. పిండి వాసన వచ్చింది.

సోమవారం డాక్టరు దూరపు పలక చూపిస్తే అట్టడుగు వరసే కాదు, దాని కింద అచ్చువాళ్ల పేరు కూడా చదివేసింది. దగ్గరి అట్ట ఇస్తే చెయ్యి బారెడు చాచింది. డాక్టరు నవ్వి చీటీ రాశాడు. దాన్ని ఆవిడే సూపర్‌వైజరు చేతిలో పెట్టింది.

"జోడు పెట్టుకుంటా. బల్ల నాదేనా?"

"నీదే అక్కా" అన్నాడు వాడు, వాడికే పరీక్ష గట్టెక్కినట్టు.

ఇప్పుడు పెరటి గోడ మీద సాయంత్రాలు రెండు కళ్లజోళ్లు పక్కపక్కన ఉంటాయి, ఒకటి పలచటిది, ఒకటి మందపాటిది. ఆవిడ చూసి పక్కకి జరుగుతుంది. ఆయన మర తిప్పుకుంటాడు.

"ఇవాళ మూడే ఉన్నాయేంటే?"

"ఒకటి వెనక్కెళ్లింది. ఉండండి, వస్తుంది."

ఇద్దరూ గోడకి ఆనుకుని అది వచ్చేదాకా కూర్చుంటారు.