కదలని బండికి బ్యాటరీ

ఆ రోజు ఒక పెద్దావిడ చెప్పబోయిన మాటను నేను పూర్తి కానివ్వలేదు. తర్వాత జరిగినదానికి అదే మొదలు.

రాష్ట్రం విడిపోయిన ఏడాది వేసవి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బ్యాటరీ డీలరు షాపులో సర్వీస్ ఇంజనీరుగా ఉన్నాను. కౌంటరులో అమ్మేవాళ్లు వేరే ఉన్నా, పాత బండి అనగానే నన్ను పిలిచేవారు. ఇంజను పెట్రోలా డీజిలా, ట్రే కొలత ఎంత, ప్లస్ టెర్మినల్ ఏ వైపు, ఆల్టర్నేటర్ చార్జింగ్ సరిగా ఇస్తోందా, వైరింగులో కరెంటు ఎక్కడైనా కారిపోతోందా అని చూసి, కంపెనీ పట్టికలో సరిపోయేది తీసి ఇస్తాం. ఆ పట్టిక నాకు నోటికొచ్చు. అదే నా గర్వం.

వించిపేట నుంచి హలీమా గారు ఆటోలో వచ్చారు. భర్త రహీం గారి పాత అంబాసిడర్ టాక్సీకి బ్యాటరీ కావాలన్నారు. "సాయంత్రాలు మా ఆయన బండిలో..." అని ఆవిడ మొదలుపెట్టగానే, "డీజిలేనా అమ్మా? ఏ మోడలు?" అని అడ్డు తగిలాను. ఆవిడ జవాబు చెప్పారు. పట్టిక ప్రకారం పెద్ద డీజిల్ ఇంజనును ఒక్క ఊపులో తిప్పగల బ్యాటరీ ఇచ్చి పంపాను. పట్టిక ప్రకారం అది సరైనదే.

వానలు మొదలయ్యాక ఆవిడ మళ్లీ వచ్చారు. పక్కింటి ఆటో డ్రైవరు శ్రీను బ్యాటరీ మోసుకొచ్చాడు. హైడ్రోమీటరు పెట్టి చూస్తే ఆరు సెల్స్‌లోనూ ఆసిడ్ ఒకేలా పలచబడి ఉంది. ఒక్క సెల్ పోతే తయారీ లోపం అనుకుంటాం. ఆరూ పడిపోతే, వాడినవాళ్లే దాన్ని మళ్లీ మళ్లీ పూర్తిగా ఖాళీ చేశారని లెక్క. చార్జింగుకు పెట్టినా నిలవలేదు. వారంటీ వర్తించదని రాసేశాను. అంతటితో ఊరుకోలేదు.

"బండి తీయకుండా లైట్లు వేసుకుని కూర్చుంటే ఏ బ్యాటరీ అయినా చస్తుందమ్మా. టాక్సీ అనుకున్నారా, పెళ్లి పందిరనుకున్నారా?"

కౌంటరులో అమ్మేవాళ్లు ఇద్దరు నవ్వారు. ఆవిడ మాత్రం, "నిజమేనండీ, కూర్చుంటారు" అని మెల్లగా అని, "అయితే ఏ బ్యాటరీ పెట్టినా ఆగదన్నమాట" అనుకుంటూ వెళ్లిపోయారు. ఆ మాటను కూడా నేను సరిదిద్దలేదు. నా వెనక వరసలోనే ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీలు ఉన్నాయి. వాటి ప్లేట్లు మందం. నెమ్మదిగా ఖాళీ అయి మళ్లీ నిండడానికే వాటిని చేస్తారు. పట్టికలో కార్ల పేజీలో అవి ఉండవు.

వినాయక చవితి వెళ్లాక శ్రీను తన ఆటో పని మీద వచ్చాడు.

"ఏంటండీ ఇంజనీరు గారూ, ఆ మామ్మగార్ని అంత మాటన్నారు? ముసలాయనకి మతిమరుపు జబ్బండీ. ఇంట్లో నోరు విప్పడు. సాయంత్రం బండెక్కి లైటేస్తే మాత్రం డ్రైవరైపోయేవోడు. వాళ్లింట్లో ఉర్దూనే కదండీ, బండిలో మాత్రం ఆవిణ్ణి పాసింజరనుకుని 'ఎక్కడికండీ అమ్మగారూ?' అని తెలుగులో అడిగేవోడు. ఈవిడ వెనక సీట్లో కూర్చుని 'బందరండీ' అనేది. రోజూ పోయొచ్చేవోళ్లండీ, చుక్క డీజిలు లేకుండా."

"ఇప్పుడో?" అన్నాను.

"లైటు వెలగట్లేదుగా. నాల్రోజులు తాళం తిప్పి చూశాడు. ఆనక ఎక్కడం మానేశాడు. మాటా లేదు."

ఆ సాయంత్రమే ట్యూబులర్ బ్యాటరీ, చార్జరు తీసుకుని వించిపేట వెళ్లాను. అది కారు ట్రేలో పట్టదు. చార్జింగులో గ్యాసు వదులుతుంది కాబట్టి రేకుల షెడ్డులో గాలి తగిలే మూల పెట్టి, ఫ్యూజు వేసి, కారు దాకా వైరు లాగాను. ఇంజను తిరగకుండా సెల్ఫ్ మోటారు వైరు తీసేశాను. తాళం తిప్పితే మీటరు దగ్గర ఎర్ర లైటు వెలిగింది. లోపలి లైటు కూడా.

హలీమా గారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. తను వెనక ఎక్కి తలుపు వేసుకున్నారు.

"బందరు పోవాలండీ" అన్నారు.

ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఎర్ర లైటును చాలాసేపు చూశారు. తర్వాత ఉర్దూలో ఏదో అడిగారు. శ్రీను నాకు మాత్రమే వినపడేలా చెప్పాడు: "ఈ బండి ఎవరిదని అడుగుతున్నాడండీ."

అన్నీ విప్పి తీసుకుపోనా అని ఆవిణ్ణి అడిగాను.

"ఉండనివ్వండి. నేను కూర్చుంటాను" అన్నారు.

మర్నాడు వారంటీ వర్తించదని రాసిన కాగితం వెనక్కి తీసుకుని, తప్పు నా ఎంపికదేనని యజమానికి రాసిచ్చాను. నవ్విన ఇద్దరి ముందూ ఆ సంగతి చెప్పాను. నేను రిటైరయ్యేదాకా ఆ షాపులో పాత బండికి మొదటి ప్రశ్న మోడలు కాదు: దాన్ని ఎవరు, ఎలా వాడుతున్నారు? జవాబు పూర్తయ్యేదాకా పట్టిక తెరవకూడదని కొత్తవాళ్లకు నేర్పాను. ఇంజనుకు ఏం కావాలో పట్టిక చెబుతుంది. మనిషికి ఏం కావాలో ఆ మనిషే చెప్పాలి. నేను నేర్చుకున్నది ఇంతే, ఆలస్యంగా.

రహీం గారు ఆ చలికాలంలోనే పోయారు. ట్యూబులర్ బ్యాటరీకి అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఆ పనికి ఇప్పటికీ నేనే వెళ్తున్నాను. మూతలు బిగించి లైటు వేసి చూపిస్తాను. హలీమా గారు వెనక సీట్లోంచి తల ఊపుతారు.