పన్ను నొప్పి పేరుతో నంద్యాలకు

మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని మా అమ్మ ఫోన్లో ఒట్టు వేయించుకుంది. ఎవరికీ అంటే అత్తగారింట్లో కూడానా అని అడగడం మర్చిపోయాను. అందుకే ఆళ్లగడ్డలో మా ఇంట్లో ఆ సంగతి నాకూ మా ఆయనకూ తప్ప ఇంకెవరికీ తెలీదు.

దాచడం ఏమంత తేలిక కాదు. వాంతి వచ్చినప్పుడల్లా బాత్రూములో కొళాయి తిప్పేదాన్ని. అన్నిటికంటే కష్టం పోపు. ఆవాలు చిటపటమనగానే కడుపులో తిప్పేది. "నువ్వు పెట్టక్కా, నాకు మాడిపోతుంది" అని మా తోడికోడలికి గరిటె ఇచ్చేదాన్ని. "ఎన్నాళ్లని నేనే పెట్టేది? నేర్చుకో" అంటూ ఆమె మిద్దె ఎక్కేసేది. ఈమెకు ఈ మధ్య బద్ధకం ఎక్కువైందని లోలోపల తిట్టుకునేదాన్ని. చివరికి అత్తే గొణుక్కుంటూ వచ్చి పోపు పెట్టేది.

మూడో నెల చివర్లో స్కానింగు చేయించుకోమని నంద్యాల డాక్టరు చెప్పింది. పన్ను నొప్పి అని ఇంట్లో చెప్పి మా ఆయనతో బస్సెక్కాను. అంతకు ముందే అక్క తన పాపను అత్త దగ్గర వదిలి, పుట్టింటికి రుద్రవరం పోతున్నానని బయలుదేరింది.

స్కానింగు సెంటర్లో సీసా నిండా నీళ్లు తాగి కూర్చోమన్నారు. మా ఆయన బయటికి పోయాడు. ఎదురు బెంచీ మీద ఒకామె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నీళ్లు తాగుతోంది. ఆ చీర ముందురోజు నేనే మడత పెట్టాను.

"అక్కా?"

కొంగు దిగింది. "నువ్వు ఈడేం చేస్తాండావ్?"

"పన్ను..." అన్నాను చెంప పట్టుకుని.

"ఈడ పండ్లు పీకుతారా?"

"మరి రుద్రవరం ఈడికొచ్చిందా అక్కా?"

ఆమె నా సీసా వంక చూసింది. నేను ఆమె సీసా వంక చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మొదట ఎవరం నవ్వామో గుర్తులేదు. "నవ్వించొద్దుమ్మే, కడుపు నిండా నీళ్లుండాయి!" అని ఆమె మోకాళ్లు దగ్గరికి బిగించుకుంది. నా పరిస్థితీ అదే. అంతలో మా ఆయన కొబ్బరిబోండంతో లోపలికొచ్చి, వదినను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏమప్పా, పన్ను నొప్పి ఎవురికి? నీకా, ఆయమ్మికా?" అంది అక్క. అతను బోండం ఆమె చేతిలో పెట్టి మళ్లీ బయటికి పోయాడు.

లోపల పడుకున్నాక కూడా నా నవ్వు ఆగలేదు. "కడుపు ఊపొద్దమ్మా, బిడ్డ కొలతలు తీసుకోవాల" అని డాక్టరు కసురుకుంది. తెర మీద నిమ్మకాయంత బిడ్డ. చేతులున్నాయి, కాళ్లున్నాయి. ఒక్క ఎగురు ఎగిరి పక్కకు తిరిగింది. నాకేమీ తెలియలేదు, లోపల అంత గంతు వేసినా!

తర్వాత అక్క వంతు. "నువ్వూ రామ్మే" అని నా చేయి పట్టుకుంది. లోపలికి పోయేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు. నేను కాపురానికి రాకముందు ఒకసారి ఆమెకు రెండో నెలకే కడుపు పోయిందట. అప్పటికే ఊరంతా చెప్పుకున్నారట. అందుకే ఈసారి తన భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. డాక్టరు తెర ఆమె వైపు తిప్పి, "గుండె బాగా కొట్టుకుంటోంది, విను" అంది. గది నిండా దడదడమనే చప్పుడు. అక్క నా వేళ్లు విరిగేలా పిసికింది. ఏడుస్తూ, "ఎంత బేగా కొట్టుకుంటాదో చూడు" అని నవ్వింది.

బయటికొచ్చాక విపరీతమైన ఆకలి. బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. వారం కిందటి దాకా ఉల్లిపాయ వాసనకే పరుగెత్తినదాన్ని రెండో ప్లేటు అడిగాను.

"ఇంగ వాంతులు తగ్గుతాయిలే" అంది అక్క నోటి నిండా పెట్టుకుని. "ఆకలైతాది. జాకెట్లు బిగుతైతాయి. ఊరికే ఏడుపొస్తాది, ఊరికే నవ్వొస్తాది. లేసేటప్పుడు కండ్లు తిరుగుతాయి, నిదానంగా లేయి. రక్తం కనపడినా, నొప్పి ఎక్కువైనా దాచొద్దు. యాడున్నా నాకు చెప్పు, ఇద్దురం డాక్టరు కాడికి పోదాం."

ఇంటికొచ్చేసరికి అత్త వసారాలో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎవరు ముందు చెప్పాలని మేం మోచేతులతో పొడుచుకున్నాం. చివరికి ఇద్దరం ఒకేసారి చెప్పేశాం.

అత్త చేట కింద పెట్టింది. "ఇద్దురికీనా? ఒగేసారా?" కాసేపు మమ్మల్ని మార్చి మార్చి చూసి, "ఉయ్యాల ఒగటే ఉండాది గదమ్మా!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "బయట ఎవురికీ చెప్పొద్దండి. మూడో నెల నిండనీ" అని గట్టిగా చెప్పింది.

మేం చీరలు మార్చుకునేలోపే ఆమె గొంతు వినిపించింది. మిడుతూరులో ఉండే వాళ్లక్కకు ఫోన్ చేసింది. ఆ పెద్దమ్మకు చెవులు సరిగా వినపడవు.

"ఎవురికీ చెప్పొద్దక్కా! రెండు! రెండు! కవలలు గాదు... ఇద్దురు కోడండ్లకూ!"

పక్కింటావిడ ప్రహరీ మీదుగా తల పెట్టి, "ఏందీ, ఇద్దురికీనా?" అని అడిగింది. లోపల మేం ఒకరి భుజం మీద ఒకరం వాలి, కండ్లనిండా నీళ్లొచ్చేలా నవ్వుతున్నాం.