అత్తయ్య కాచిన రాగిజావ

నెల్లాళ్ళుగా అన్నం మానేసి, పొద్దున్నే నాగావళి గట్టు మీద చెమటలు కారేలా నడుస్తున్నాను. ఈ రోజు ఉత్సాహంగా బరువు చూసుకుంటే రెండు కిలోలు పెరిగాను! మిషన్ పాడైందేమోనని మా ఆయన్ని ఎక్కించాను. ఆయన బరువు ఎప్పటిలాగే ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువైంది.

ఆ నీరసంతోనే వంటింట్లోకి వెళ్తే, అత్తయ్య నా రాగిజావలో ఏదో పొడి గరిటెడు కలుపుతూ కనిపించారు.

"ఏటత్తయ్యా అది?"

"పలాస జీడిపప్పు పొడి. కాసింత నెయ్యి కూడా ఏస్తన్నాను."

"రోజూనా?"

"మరేటి! నీ మొకం పీక్కుపోయి ఉన్నాది. మీ అమ్మొచ్చి సూస్తే, నా పిల్లకి తిండెట్టనేదని నన్ననదా?"

గట్టిగా అరుద్దామనుకున్నాను. కానీ ఆవిడ ముఖంలో నిజంగానే బెంగ కనిపించింది. నేను చిక్కిపోయానని నమ్మిన మనిషి శ్రీకాకుళం మొత్తానికి ఆవిడొక్కరే. గ్లాసు అందుకుని ఖాళీ చేశాను. చాలా బాగుంది, అదీ నా బాధ.

రేపటి నుంచి జావ నేనే కాచుకుంటానని ఆవిడకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. మీలో ఎవరికైనా ధైర్యముంటే మా ఇంటికొచ్చి చెప్పండి. వచ్చినవాళ్ళకి కూడా ఓ గ్లాసు పోస్తారు, తర్వాత నన్ననకండి.