నర్సు రాని ఊరు: ఒక ప్రెస్ నోటు సంగతి

1990 ఎండాకాలం మొదట్లో నన్ను ఇచ్చోడ దగ్గర ఒక వంతెన సాధన ఐక్య వేదికకు ప్రచార బాధ్యుడిగా పంపించారు. నేను పనిచేసే స్వచ్ఛంద సంస్థలో నా హోదా ప్రచార సహాయకుడు. అంటే ప్రెస్ నోటు రాయడం, దాన్ని బస్సు డ్రైవర్ చేతికిచ్చి ఆదిలాబాద్ విలేకరులకు పంపడం, మర్నాడు పేపర్లో రాకపోతే తిట్లు తినడం. మాది చొప్పదండి. వేదికలో అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి రాయడంతో పాటు టీలు చెప్పే పని కూడా నాదే. రెండో పనిలో నాకు మంచి పేరొచ్చింది.

ఐక్య వేదిక అంటే ఉపాధ్యాయులు, గీత కార్మికులు, చర్చి మహిళా సమాజం, యువజనులు, ఇలా వేర్వేరు సంఘాలవాళ్లు ఒక కోరికను ఒకే గొంతుతో అడగడానికి చేసుకున్న ఏర్పాటు. ఆచరణలో మాత్రం అందరి పేర్లూ ఒకే కరపత్రం మీద పట్టించడం. పేర్లన్నీ వేశాక కోరికకు మిగిలే చోటు పెళ్లిపత్రికలో విందు సమయానికి మిగిలేంత.

కోరిక న్యాయమైనదే. వాగు పొంగితే అవతలి ఊరికి దారి లేదు. అక్కడ ఆరోగ్య ఉపకేంద్రం ఉంది, నర్సు ఇవతలి నుంచి రావాలి. ఆ ఊరి సర్పంచ్ రాజిరెడ్డి బిడ్డ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. కాన్పు సరిగ్గా వానల్లో పడుతుంది. వేదికలో మిగతావాళ్లకు వంతెన ఒక డిమాండు, ఆయనకు మాత్రం గడువున్న పని.

వాగు నిండుగా ఉన్నప్పుడు బహిరంగ సభ పెడితే ప్రభావం ఉంటుందని కొందరన్నారు. అప్పుడు సభకు రావడానికి వంతెన కావాలని గుర్తుచేశాను. ఎండల్లోనే పెట్టాం. అధికారుల జీపులు ఇసుక మీదుగా దర్జాగా దాటి వచ్చాయి. ఒక ఇంజనీరు వాగు నడుమ నిలబడి, వాగెక్కడ అని అడిగారు.

దాంతో అధ్యక్షులు సంజీవరావు గారు ప్రెస్ నోటు గట్టిగా ఉండాలన్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. కన్నీళ్లు లేనిదే పేపరువాళ్లు వేయరని ఆయన సిద్ధాంతం. ‘నర్సు రాని ఊరు’ అని శీర్షిక ఆయనే చెప్పారు, నేను రాశాను. పొంగిన వాగు ఫోటో దొరక్క, తాళం వేసిన ఉపకేంద్రం ఫోటో జతచేశాం. తీసింది ఆదివారం కాబట్టి తాళం కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. జిల్లా పేజీలో పెద్దగా వచ్చింది. అందరం చేతులు కలుపుకున్నాం.

కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. ఉపకేంద్రాన్ని వాగు ఇవతల, రోడ్డు మీది ఊరికి మార్చారు. సర్కారు ఉత్తర్వులో పైన ‘సూచిక’ అని ఉంటుంది. ఏ కాగితాలు చూసి నిర్ణయం తీసుకున్నారో అక్కడ వరుసగా వేస్తారు. మొదటి సూచిక మా వార్త. నా రచన ప్రభుత్వ ఉత్తర్వులోకి ఎక్కడం అదే మొదటిసారి.

రాజిరెడ్డి మా ఆఫీసుకొచ్చి ఉత్తర్వు కాపీని నా ముందు పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“వంతెన అడిగితే ఉన్న దవాఖాన ఎత్తుకపోయిండ్రు. ఇగ బిడ్డను ఏడ పండవెట్టాలె, నీ పేపర్ మీదనా?”

అందరం కలిసి వైద్యాధికారిని కలిశాం. ఆయన మర్యాదగానే చెప్పారు: నర్సు చేరలేకపోతోందన్నది మీరే, చేరగలిగే చోటికి మార్చాను, ఆమె వానకాలం అవతలి ఊళ్లోనే కాపురముంటానంటే మార్చే అవసరం నాకు లేదు. బయటికొచ్చాక సంజీవరావు గారు ఆమరణ దీక్ష ప్రకటించారు. ఎవరు కూర్చుంటారని అడిగాను. టీ తాగాక ఆలోచిద్దామన్నారు.

నర్సు ఎస్తేరమ్మది కరీంనగర్ వైపు మిషన్ సంఘంలో చేరిన దళిత కుటుంబం. ఆమె దాపరికం లేకుండా చెప్పింది. “నాకు గీ మార్పు మంచిగనే ఉన్నది తమ్మీ. పోరనికి బడి దగ్గరైతది. గా దవాఖాన ఎనుక కురిసే కొట్టంల నన్నెందుకు ఉండుమంటరు?”

తన ఇంట్లోనే ఒక గది ఇస్తానన్నాడు రాజిరెడ్డి. ఎస్తేరమ్మ ఒక షరతు మీద ఒప్పుకుంది.

“పోరని మా చెల్లె దగ్గరుంచి వస్త సర్పంచ్ సాబ్. గని మీ అవ్వ నా కుండలు వాకిట్ల వెట్టిస్తే ఆ దినమే వాగు దాటుత. మీ బిడ్డ కాన్పుకు నా చేతులు గావాలె గద. గవే చేతులతోని మీ ఇంట్ల వండుకుంట.”

ఆయన తలదించుకుని, “గట్లనే అక్కా” అన్నాడు. అంతకుముందు ‘ఏ నర్సమ్మా’ అని పిలిచేవాడు. కాన్పు దగ్గరపడితే వరుసలు కూడా మారతాయి.

ఇక రెండో ప్రెస్ నోటు. వానకాలమంతా నర్సు ఊళ్లోనే ఉంటారు, అంతే. వేదిక అడ్డం పడింది. నర్సు ఉంటే వంతెన ఎందుకంటారని, ఉద్యమం చల్లారిపోతుందని సంజీవరావు గారు వాదించారు. ఆ వాదన తప్పని నేను అనలేకపోయాను. వంతెన ఈ వానలకు రాదు, కాన్పు వస్తుంది అని మాత్రం అన్నాను. చర్చి మహిళా సమాజం నా వైపు మాట్లాడింది. చివరికి అందరూ ఒప్పుకుని, ఎవరి పేరు ముందుండాలన్న దానిమీద సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. వార్త పత్తి ధరల కింద, చదవాలంటే వంగాల్సినంత చిన్నగా వచ్చింది. దాన్ని కత్తిరించి, ఎస్తేరమ్మ అంగీకార పత్రంతో కలిపి వైద్యాధికారికి ఇచ్చాం. మార్పిడి ఉత్తర్వు నిలిపేశారు.

వాగు పొంగి ఉండగానే రాజిరెడ్డి బిడ్డకు కాన్పయింది. ఆడపిల్ల, తల్లీపిల్లా క్షేమం. రాజిరెడ్డి తల్లి తన కుండల జోలికి పోలేదని, అట్లాగని వాటి దగ్గరికీ రాలేదని ఎస్తేరమ్మ తర్వాత చెప్పింది. వంతెన అర్జీ మరుసటి ఏడు తిరిగొచ్చింది. సంజీవరావు గారు భయపడ్డ కారణమే అందులో రాసి ఉంది. నేనున్నన్నాళ్లు అక్కడ వంతెన రాలేదు.

ఆ తర్వాత ఎన్నో వేదికలకు రాశాను. ప్రతి నోటునూ పంపేముందు అధికారి కుర్చీలో కూర్చున్నట్టు చదివేవాణ్ణి: దీన్ని తక్కువ ఖర్చుతో ఎట్లా వదిలించుకోవచ్చు అని. ఆ సందు మూసుకునేదాకా వాక్యాలు మార్చేవాణ్ణి. బాధ మాత్రమే రాసి వదిలేస్తే, మందు అవతలివాడు ఎంచుకుంటాడు.