మోదుగకు నాలుగో ఆకు

శామీర్‌పేటలో విస్తళ్లు కుట్టే వజ్రమ్మకు పెళ్లి మాట ఎత్తితే ఒళ్లు మంట. కుట్టేదీ ఆడదే, వండేదీ ఆడదే, మగవాడు మాత్రం ఆ విస్తట్లో తిని లేస్తాడు. తల్లి బతుకంతా అలాగే గడవడం కళ్లారా చూసింది మరి.

యుద్ధం సాగుతున్న రోజులవి. లష్కర్‌లో తెల్లదొరల పటాలం గుర్రాలకు గడ్డి కోసి మోసే అల్వాల్ లింగస్వామి మాఘమాసంలో పిల్లను చూడ్డానికి వచ్చాడు. నలుగురిలో వద్దంటే నాయిన వెంకటనర్సయ్య పరువు పోతుంది. అందుకని వజ్రమ్మ నవ్వు బిగబట్టుకుని మెలిక పెట్టింది.

"ఒక్క తొడిమెకు నాలుగాకులున్న మోదుగ కొమ్మ తెస్తే చేసుకుంట."

పెద్దలు పకపకా నవ్వారు. ఏ ఊరు పోయినా మోదుగకు మూడే ఆకులని చంటిపిల్లకూ తెలుసు. పైగా ఆ నెలలో ఆకులన్నీ రాలిపోయి చెట్లు బోడిగా ఉన్నాయి!

"తెస్త," అన్నాడు లింగస్వామి. ఎంత మొండిఘటమో చూడండి.

మేడ్చల్ బీళ్లు, కండ్లకోయ గుట్టలు, ఏ పైరూ మొలవని చవిటి నేలలు, మోదుగ ఉన్న చోటల్లా తిరిగాడు. ఫాల్గుణంలో బోడికొమ్మల నిండా చిలకముక్కుల్లాంటి ఎర్రపూలు విచ్చాయి. కాముని పున్నానికి చల్లుకునే రంగు కాచుకొమ్మని గంపెడు తెచ్చి, "ఇంక కొత్తాకు పుట్టలే," అని చెప్పిపోయాడు. తర్వాత కాయలు తెచ్చాడు.

"గింత పొడుగు కాయకు కొసకు ఒక్కటే గింజేంది?" అని అడిగాడు.

అడ్డమైన ప్రశ్నలని వజ్రమ్మకు కోపం వచ్చింది. అతను రాని వారం ఇంకా కోపం వచ్చింది.

కొత్తాకు ముదిరాక లింగస్వామి కొమ్మ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నిజంగానే నాలుగు! వెంకటనర్సయ్య నోరెళ్లబెట్టాడు. విస్తళ్లు కుట్టే పిల్ల ఊరుకుంటుందా? కొమ్మ తిరగేసింది. నాలుగో ఆకు మొదట్లో సన్నటి పుల్ల గుచ్చి ఉంది. ఆకు చిరగలేదు, పైకి కుట్టు కనబడలేదు.

"ఎవలు కుట్టిండ్రు?"

"నేనే. సిగురు ముదిరినకాడికెల్లి నేర్సుకుంటున్న. మస్తు ఆకులు ఖరాబ్ జేసిన."

"దొంగ నాకొడకా! ఇగ సంబంధం లేదు, ఏం లేదు, నడువ్!" వెంకటనర్సయ్య కర్ర అందుకున్నాడు.

ఇన్నాళ్లూ వజ్రమ్మ కోరుకున్నది ఈ మాటే. కానీ ఆమె లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆగు నాయినా. కుట్టు నేర్సిన మొగోడు మల్ల దొరుకుతడా? జల్దీ లగ్గం పెట్టియ్యి."